కొత్త ఇంటి మీద వేసే రుసుము ఎవరి జేబులోంచి వస్తుంది?

ప్రశ్న: మా పట్టణం శివార్లలో పొలాలు లేఅవుట్లుగా మారుతున్నాయి. అక్కడ కొత్తగా కట్టే ప్రతి ఇంటి మీదా, ప్రతి అపార్ట్‌మెంటు మీదా ‘అభివృద్ధి రుసుము’ వసూలు చేసి ఆ డబ్బుతో నీళ్ల ట్యాంకు, మురుగునీటి శుద్ధి కేంద్రం, వెడల్పాటి రోడ్డు, ఒక బడి కడతామని స్థానిక సంస్థ ముసాయిదా విడుదల చేసింది. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ. మా కాలనీ సంఘం తరఫున మూడు నిమిషాలు మాట్లాడమని నన్ను పంపుతున్నారు. తీరా చూస్తే మా ఇంట్లోనే మూడు మాటలున్నాయి. నేను ముప్పై ఏళ్లుగా పాత కాలనీలో ఉంటున్నాను. మాకు రోజు విడిచి రోజు నీళ్లు. కొత్తవాళ్లు డబ్బు కడితే మా కుళాయి కూడా బాగుపడుతుందని ఆశ. మా తమ్ముడు శివార్లలో చిన్న స్థలం కొన్నాడు, వచ్చే ఏడాది ఇల్లు మొదలుపెట్టాలని ఉన్నాడు. “అక్కా, నువ్వే వెళ్లి నా నెత్తిన బండ పెట్టి వస్తావా?” అంటున్నాడు. మా మేనమామకు అక్కడే పొలం ఉంది, ఇంకా అమ్మలేదు. ఆయన “నాకేం సంబంధం, కట్టేవాళ్లు చూసుకుంటారు” అని నవ్వుతున్నాడు. బిల్డర్లేమో ప్రతి పైసా కొనేవాళ్ల మీదే వేస్తామంటున్నారు. ఈ రుసుమును చివరికి మోసేదెవరు? నేను సమర్థించాలా, వ్యతిరేకించాలా?
— ఒక పాఠకురాలు

సమాధానం:

మీ మేనమామ నవ్వు దగ్గరే మొదలుపెడతాను. ఈ రుసుముతో తనకు సంబంధం లేదనుకుంటున్న మనిషి మీ ఇంట్లో ఆయనొక్కడే. అందరికన్నా ఎక్కువ సంబంధం ఉన్నది కూడా ఆయనకే.

బిల్డరు పొలం కొనడానికి వచ్చేటప్పుడు లెక్క వెనక నుంచి ముందుకు వేసుకుంటాడు. కట్టిన ఇల్లు ఎంతకు పోతుంది అన్నది అతని ఇష్టం కాదు, చుట్టుపక్కల ఇళ్లు ఎంతకు పోతున్నాయో అంతే. అది 100 అనుకుందాం. సిమెంటు, ఇనుము, కూలి కలిపి 60. బ్యాంకు వడ్డీకీ తన లాభానికీ 20. మిగిలింది 20. పొలం యజమానికి అతను ఇవ్వగలిగింది అంతే. ఇప్పుడు 5 రుసుము వచ్చిందనుకోండి. ఇంటి ధర పెంచుదామంటే పక్క వీధిలో అలాంటి ఇల్లే 100కు దొరుకుతోంది. ఇనుము కొట్టువాడు తగ్గించడు, బ్యాంకు తగ్గించదు. తగ్గేది ఒక్కటే, నేలకు ఇచ్చే 20 కాస్తా 15 అవుతుంది. అంటే రుసుము చెక్కు మీద బిల్డరు సంతకం పెట్టినా, ఆ డబ్బు మీ మేనమామ పొలం ధరలోంచే వెళుతుంది. ఆయనకు ఆ సంగతి తెలియకుండానే.

ఇందులో అన్యాయం ఉందా అంటే, నాకైతే కనబడదు. పంట పొలంగా ఆ నేల విలువ 3 అనుకుంటే, దాన్ని 20 చేసింది ఆయన చేసిన సేద్యం కాదు. పట్టణం పెరిగింది, రోడ్డు వచ్చింది, ఇళ్లు కట్టుకోవచ్చని అనుమతి వచ్చింది. ఇంతమంది కలిసి పెంచిన విలువలో కొంత ఆ నేలకే నీళ్లూ మురుగు కాలువలూ తేవడానికి తిరిగి వస్తే ఆయన నష్టపోయినట్టు కాదు. 3 కాస్తా 15 అవుతోంది కదా.

ఇక మీ తమ్ముడి సంగతి. ఈ లెక్క అతనికి తలకిందులవుతుంది. అతను స్థలం కొన్నప్పుడు రుసుము మాటే లేదు. అమ్మినవాడికి పూర్తి 20 ఇచ్చేశాడు. ఇప్పుడు పైన 5 కట్టమంటే, అమ్మినవాడి దగ్గరికి వెళ్లి వెనక్కి అడగలేడు. మొత్తం అతని జేబులోంచే. నిన్ననే భూమి కొని ఇంకా కట్టని బిల్డరు పరిస్థితీ అదే. అతని గోల అంతా అబద్ధం కాదన్నమాట. కానీ వచ్చే ఏడాది భూమి కొనబోయే బిల్డరు అదే గోల చేస్తే మాత్రం నమ్మకండి. అతను బేరంలోనే తగ్గించుకుంటాడు.

కాబట్టి మీరడిగిన “మోసేదెవరు” అన్న ప్రశ్నకు జవాబు రుసుము ఎంత అన్నదానికన్నా అది ఎప్పుడు తెలిసింది అన్నదాని మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. నేల చేతులు మారకముందే తెలిస్తే అమ్మేవాడు మోస్తాడు. చేతులు మారాక తెలిస్తే కొన్నవాడు మోస్తాడు. మీ మూడు నిమిషాల్లో ఏ మాట మరిచిపోయినా ఈ మాట మరవకండి. ముసాయిదాలో అంకెల గురించి అందరూ మాట్లాడతారు, తేదీ గురించి అడిగేవాళ్లు తక్కువ.

“కొనేవాళ్ల మీద వేసేస్తాం” అనే బిల్డరును ఒక్క ప్రశ్న అడగవచ్చు: ఇంకా ఎక్కువ ధర వచ్చే వీలుంటే రుసుము లేకపోయినా ఈపాటికే ఆ ధర అడిగేవాడివి కదా, ఇన్నాళ్లూ ఎందుకు ఆగావు? అయితే ఈ ప్రశ్న అడిగి చప్పట్లు కొట్టించుకుని కూర్చోవద్దు, ఎందుకంటే దానికీ ఒక జవాబుంది. రుసుము మరీ ఎక్కువైతే మీ మేనమామ అసలు అమ్మడు. “ఇంత తక్కువకా? పొలం ఎక్కడికి పోతుంది, చూద్దాంలే” అంటాడు. అలాంటి మేనమామలు పదిమంది చేరితే నేల దొరకదు, ఇళ్లు కట్టడం ఆగుతుంది, ఉన్న ఇళ్ల ధర పెరుగుతుంది. అప్పుడు బిల్డరు చెప్పిందే నిజమవుతుంది.

ఇది ఊహ కాదు. బ్రిటన్‌లో ఒక దేశం మొత్తం మీద జరిగింది. అక్కడ 1947లో వచ్చిన పట్టణ ప్రణాళికా చట్టం, కట్టడానికి అనుమతి రావడం వల్ల నేల విలువ ఎంత పెరిగితే అంతా, అంటే నూటికి నూరూ, ప్రభుత్వానికి కట్టాలంది. కాగితం మీద చూస్తే అంతకన్నా న్యాయం ఉండదు. నేల యజమాని పొలం ధరకే అమ్ముతాడు, పెరిగినదంతా ప్రజలకు వస్తుంది అనుకున్నారు. యజమానులు పొలం ధరకు అమ్మలేదు. ఎందుకు అమ్ముతారు? ఇల్లు కావలసినవాళ్లు యజమాని అడిగిన ఎక్కువ ధరా ఇచ్చారు, పైన ప్రభుత్వ రుసుమూ కట్టారు. ఎదుటి పార్టీ గెలిస్తే ఇది పోతుందని కూడా యజమానులు ఎదురుచూశారు. 1953లో అది పోయింది కూడా. తర్వాత 1967లో 40 శాతంతో ఇంకో పన్ను తెచ్చారు, నాలుగేళ్లు తిరిగేసరికి రద్దయింది. 1976లో 80 శాతంతో మరొకటి వచ్చింది, దాన్ని తగ్గించుకుంటూ వచ్చి 1985లో తీసేశారు. మూడుసార్లూ దెబ్బ ఒకచోటే తగిలింది. పన్ను ఎక్కువ కాలం నిలవదని తెలిస్తే నేల ఉన్నవాడు ఆగుతాడు. అతనికి తొందరేమీ లేదు. అద్దె కడుతూ ఇంటి కోసం చూసేవాడికి తొందర.

అందుకని రుసుము ఓ మోస్తరుగా ఉండాలి, పదికాలాలు నిలుస్తుందని అందరికీ నమ్మకం కలగాలి. 20లో 5 తీసుకుంటే నేల అమ్మకానికి వస్తుంది, 16 తీసుకుంటే రాదు. ఇంగ్లండులో ఇప్పుడున్న పద్ధతి ఈ దెబ్బలన్నీ తిన్నాక వచ్చింది. 2008 చట్టం కింద 2010 నుంచి అమల్లోకి తెచ్చిన మౌలిక వసతుల లెవీని కొత్తగా చేరే ప్రతి చదరపు మీటరుకు ఇంత అని వేస్తారు. స్థానిక సంస్థ ముందుగా రేట్ల పట్టిక ముసాయిదా ప్రచురించాలి, ఆ రేట్లు వేసినా ఇళ్లు కట్టడం గిట్టుబాటు అవుతుందని లెక్కలు చూపించాలి, బయటి పరిశీలకుడు విచారణ జరిపి సరేననాలి. మీ ముసాయిదాకు అలాంటి గిట్టుబాటు లెక్క ఉందా? ఉంటే చూపించమనండి. లేకపోతే ఆ 5 ఎక్కడి నుంచి పుట్టిందో ఎవరికీ తెలియదన్నమాట.

ఇప్పుడు మీ కుళాయి సంగతి. ఇక్కడ మీకు కాస్త కష్టం కలిగించే మాట చెప్పాలి.

కొత్తవాళ్లు కట్టే డబ్బుతో పాత కాలనీ నీళ్ల కరువు తీరదు, తీర్చకూడదు కూడా. మీ ట్యాంకు మీకే చాలకపోవడం ముప్పై ఏళ్ల సమస్య. తమ్ముడు ఇంకా పునాది తవ్వలేదు, ఆ కొరతకు అతను కారణం ఎలా అవుతాడు? అతని ఇల్లు వల్ల ఎంత అదనపు నీళ్లు కావాలో, ఎంత అదనపు మురుగు వస్తుందో అంతవరకే అతని బాధ్యత. రుసుముకూ, అది కట్టేవాడి వల్ల కలిగే అవసరానికీ మధ్య ఈ లంకె ఉండాలన్నది చాలా దేశాల చట్టాల్లో కనిపిస్తుంది. కెనడాలోని ఒంటారియోలో 1997 నాటి అభివృద్ధి రుసుముల చట్టం దీన్ని ఒక కొలతగానే పెట్టింది: గత పదేళ్లలో ఊళ్లోవాళ్లకు సగటున ఏ స్థాయి సేవ అందిందో, కొత్తవాళ్ల దగ్గర అంతకు మించిన స్థాయికి వసూలు చేయకూడదు. ఆ పదేళ్లను తర్వాత పదిహేను చేశారు. ఊరికి ఒక ఆట మైదానం కూడా లేకుండా, కొత్తగా వచ్చేవాళ్ల సొమ్ముతో స్టేడియం కట్టుకుందామంటే కుదరదన్నమాట.

అమెరికాలో ఈ లంకె కోసం నలభై ఏళ్లుగా సుప్రీం కోర్టు దాకా తగాదాలు నడుస్తున్నాయి. 1987లో నోలన్ కేసు వచ్చింది. కాలిఫోర్నియాలో సముద్రపు ఒడ్డున చిన్న ఇల్లు తీసేసి పెద్దది కట్టుకుంటామన్నవాళ్లను, ఇంటి వెనక తీరం వెంబడి జనం నడవడానికి దారి ఇస్తేనే అనుమతి అన్నారు. వీధిలోంచి చూసేవాళ్లకు సముద్రం కనబడకుండా ఇల్లు అడ్డొస్తుందట, అందుకు వెనకవైపు దారి ఇవ్వాలట. ముందు కలిగిన ఇబ్బందికీ వెనక అడిగిన దారికీ పొంతనే లేదంది కోర్టు. 1994లో డోలన్ కేసులో, పొంతన ఉంటే సరిపోదు, అడిగేది ఆ కట్టడం కలిగించే ప్రభావానికి ఇంచుమించు తగినంతే ఉండాలంది. నేల అడిగినా డబ్బు అడిగినా ఇదే కొలత అని 2013లో కూంట్జ్ కేసులో తేల్చింది. చివరిది మీ తమ్ముడికి బాగా నచ్చే కేసు. కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీలో షీట్జ్ అనే ఆయన తన స్థలంలో ఫ్యాక్టరీలో తయారైన చిన్న ఇల్లు పెట్టుకుంటానంటే రోడ్ల కోసం 23,420 డాలర్లు కట్టమన్నారు. కట్టి, నిరసన తెలిపి, కోర్టుకెక్కాడు. పట్టిక ప్రకారం అందరికీ వేసే రుసుమే కాబట్టి ఈ కొలత దీనికి వర్తించదన్న వాదన చెల్లదని 2024 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ మొత్తం ఎక్కువా కాదా అన్నది మాత్రం తను తేల్చకుండా కింది కోర్టుకే వదిలేసింది.

మీ చట్టాలు వేరు కావచ్చు. కానీ అడగవలసిన ప్రశ్న ఒకటే: శుద్ధి కేంద్రానికయ్యే ఖర్చులో పాత కాలనీల వాటా ఎంత, కొత్త ఇళ్ల వాటా ఎంత, ఆ విభజన ఏ లెక్కన చేశారు? మీ మురుగు కూడా ఆ కేంద్రానికే వెళ్లేటట్టయితే మీ వాటా మీరు ఇవ్వాలి. అది ఆస్తి పన్ను రూపంలో రావచ్చు. లేదా కొలంబియాలో వందేళ్లుగా ఉన్న పద్ధతిలో రావచ్చు. 1921 నాటి చట్టంతో మొదలైన ఆ పద్ధతిలో, కొత్త రోడ్డో వంతెనో వల్ల లాభపడే చుట్టుపక్కల ఆస్తులన్నిటి మీదా, పాతవైనా కొత్తవైనా, లాభానికి తగ్గట్టు ఖర్చు పంచుతారు. బొగోటా, మెడెయిన్ నగరాలు చాలా రోడ్లను అలాగే వేసుకున్నాయి. పాతవాళ్లు గొణుగుతూనే కడతారు.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, ఈ రుసుముల్లో ఒక తేలికైన దుర్బుద్ధి దాగి ఉంటుంది. కొత్తగా రాబోయేవాళ్లకు ఇంకా ఈ ఊళ్లో ఓటు లేదు. పన్ను పెంచితే ఓడిపోతామని భయపడే కౌన్సిలుకు, ఓటు లేనివాళ్ల మీద రుసుము వేయడంకన్నా హాయి ఏముంటుంది? కాలిఫోర్నియాలో 1978లో జరిగింది ఇదే. 13వ ప్రతిపాదన అనే ఓటింగుతో ఆస్తి పన్నును విలువలో 1 శాతానికి బిగించేశారు, ఇల్లు చేతులు మారేదాకా పన్ను లెక్కించే విలువ ఏటా 2 శాతానికి మించి పెరగకూడదన్నారు. పాత ఇళ్లవాళ్లు ఒడ్డెక్కారు. బడులకూ కాలువలకూ డబ్బు ఎక్కడిదంటే, ఆ తర్వాత కట్టిన ఇళ్ల మీద రకరకాల రుసుములు, 1982 చట్టంతో వచ్చిన ప్రత్యేక పన్ను మండలాలు. ఒకే ఊళ్లో ఒకే బడికి పిల్లల్ని పంపే రెండు ఇళ్లవాళ్లు కట్టే డబ్బు ఒకటి కాదు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. మీ కాలనీ సంఘం సమావేశంలో ఈ ముక్క చెబితే కొందరి మొహాలు మాడతాయి, ఫరవాలేదు.

డబ్బు వచ్చాక ఏమవుతుంది అన్నది ఇంకో కథ. కొన్నేళ్లు నేను ఒక స్థానిక సంస్థ లెక్కలు చూసే పనిలో ఉన్నాను. ఒక లేఅవుట్ నుంచి పార్కు కోసమని వసూలు చేసిన మొత్తం, కాగితాల్లో అలాగే ఉంది. కానీ సాధారణ ఖాతాలో కలిసిపోయి, జీతాలకూ కరెంటు బిల్లులకూ ఎప్పుడో కరిగిపోయింది. దొంగతనం ఎవరూ చేయలేదు. నెలాఖరున డబ్బు అవసరమైంది, ఖాతాలో డబ్బు కనబడింది, వాడుకున్నారు. ఆ పార్కు స్థలంలో ఇసుక లారీలు ఆగేవి. అప్పటి నుంచి ‘ఈ నిధిని మౌలిక వసతులకు వినియోగించెదరు’ అన్న వాక్యం చూస్తే నాకు నమ్మకం కలగదు. విడి ఖాతా ఉందా అనే అడుగుతాను.

ఈ విషయంలో కాలిఫోర్నియాను తిట్టినంత మెచ్చుకోవాలి కూడా. వాళ్ల 1987 చట్టం ప్రకారం రుసుము వేసేటప్పుడే అది దేనికో, కట్టేవాడికీ దానికీ లంకె ఏమిటో చెప్పాలి. డబ్బు విడి ఖాతాలో ఉంచాలి. ఏటా ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది ప్రకటించాలి. ఖర్చుకాని సొమ్ము ఇంకా ఎందుకు కావాలో అయిదేళ్లకోసారి లెక్కతో సమర్థించుకోవాలి. సమర్థించుకోలేకపోతే ఆ ఆస్తుల ప్రస్తుత యజమానులకు వాపసు చేయాలి. వాపసు భయం లేని రుసుముకూ ఉన్న రుసుముకూ ఎంత తేడా ఉంటుందో ఆఫీసులో పనిచేసినవాళ్లకు తెలుసు. ఇంగ్లండు పద్ధతిలో మరో మంచి ఏర్పాటుంది. లెవీలో 15 శాతం, కొంత పరిమితికి లోబడి, ఆ కట్టడం వచ్చిన చోటి గ్రామ మండలికే వెళుతుంది. ఆ ఊరివాళ్లు తమ ప్రణాళిక తాము రాసుకుని ఓటింగులో గెలిపించుకుంటే 25 శాతం. దుమ్మూ రొదా భరించేవాళ్లకు నేరుగా కొంత దక్కుతుంది.

విడి ఖాతా ఉంటే చాలా అంటే, అదీ కాదు. బ్రెజిల్‌లోని సావో పాలో నగరం అదనపు అంతస్తులు కట్టుకునే హక్కును సర్టిఫికెట్లుగా చేసి వేలం వేస్తుంది. ఆ సొమ్ము ఆ ప్రాంతంలోనే ఖర్చు పెట్టాలి. పద్ధతి చాలా తెలివైనది, రేటు ఎంతో అధికారి నిర్ణయించనక్కర్లేదు, వేలమే చెబుతుంది. ఆ డబ్బుతో ఆగ్వా ఎస్ప్రాయాదా ప్రాంతంలో తీగలతో వేలాడే పెద్ద వంతెన 2008లో తెరిచారు. నగరం ఫోటోల్లో ఇప్పుడు అదే కనిపిస్తుంది. అదే పథకం కింద పేదల బస్తీలవారికి కట్టాల్సిన ఇళ్లు మాత్రం వంతెన తర్వాత చాలా ఏళ్లు ఆగాయి. ఖాతా విడిగానే ఉంది, వరస ఎవరు నిర్ణయించారన్నదే తేడా. మీ ముసాయిదాలో ట్యాంకు, శుద్ధి కేంద్రం, రోడ్డు, బడి అని నాలుగున్నాయి. ఏది ముందు? రోడ్డు ముందైతే నేల అమ్మేవాళ్లకు సంతోషం, మురుగు ముందైతే ఉండేవాళ్లకు.

వరస మాట వచ్చింది కాబట్టి ఇంకో చిక్కు. శుద్ధి కేంద్రం మొదటి ఇంట్లో మనుషులు దిగేనాటికే పనిచేయాలి. రుసుమేమో ఇళ్లు కడుతున్నకొద్దీ పదీ ఇరవై ఏళ్లు చినుకుల్లా వస్తుంది. మధ్యలో అప్పు చేయాలి. కొత్త ఇళ్లు కట్టడం ఆగిపోయిన రోజున రుసుమూ ఆగుతుంది, అప్పు ఆగదు. ఐర్లండులో 2008లో ఇళ్ల మార్కెట్ కుప్పకూలినప్పుడు స్థానిక సంస్థలకు బిల్డర్ల నుంచి వచ్చే సొమ్ము అలాగే ఎండిపోయింది. అందుకని “ఇళ్లు అనుకున్నంత రాకపోతే అప్పు ఎవరు తీరుస్తారు?” అని అడగండి. జవాబు “మీరే” అని వస్తుంది. పాత కాలనీవాళ్లకు ఈ ముసాయిదాలో అసలు ప్రమాదం అదే, రోజు విడిచి రోజు నీళ్లు కాదు. కేంద్రాన్ని ఒకేసారి పూర్తి సామర్థ్యంతో కట్టకుండా దశలవారీగా కడితే ఆ ప్రమాదం తగ్గుతుంది. ఇంజినీర్లు ఒప్పుకోకపోవచ్చు, వాళ్లకు ఒకేసారి కట్టడం ఇష్టం. అడగడంలో తప్పులేదు.

బడి విషయం చిన్నది. రుసుముతో గోడలు లేస్తాయి, పంతుళ్ల జీతాలు రావు. ఒకసారి కట్టే డబ్బు ఒకసారి అయ్యే ఖర్చుకే. పంపు నడవడానికి కరెంటు, కాలువ పూడిక తీయడం, బడి నడపడం అంతా ఏటేటా వచ్చే పన్నుల్లోంచే రావాలి. ఆ ఏర్పాటు ముసాయిదాలో లేకపోతే తాళం వేసిన కొత్త భవనం ఒకటి మిగులుతుంది.

బిల్డర్లు కొందరు “డబ్బెందుకు, రోడ్డు మేమే వేసిస్తాం” అంటారు. ఒక్కోసారి అదే చవక, త్వరగా కూడా అవుతుంది. కానీ ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. బ్యాంకు హామీ ముందుగా తీసుకుని, ఎన్నో ఇంటికి నివాస ధ్రువపత్రం ఇచ్చేలోపు రోడ్డు పూర్తవ్వాలో కాగితం మీద రాయించుకుంటేనే ఒప్పుకోవాలి.

ఇప్పుడు మీ మూడు నిమిషాలు. సమర్థించండి, షరతులతో. నేను మీ స్థానంలో ఉంటే మొదటి వాక్యంలోనే “నా తమ్ముడికి అక్కడ స్థలం ఉంది, మేనమామకు పొలం ఉంది” అని చెప్పేస్తాను. ఎవరో వెనక నుంచి ఆ మాట అనేదాకా ఆగకూడదు, అప్పుడిక మీరేం చెప్పినా ఎవరూ వినరు. తర్వాత తేదీ అడుగుతాను. రుసుము ఏ రోజు నుంచి, దానికెంత ముందు ప్రకటిస్తారు, ఇప్పటికే స్థలం కొన్నవాళ్ల సంగతి ఏమిటి? ఇక్కడ జాగ్రత్త. “ఫలానా తేదీలోపు దరఖాస్తు పెట్టినవాళ్లకు మినహాయింపు” అని అడిగితే, పెద్ద బిల్డర్లు ఆ రాత్రికి రాత్రి వంద ప్లాన్లు తోసేస్తారు, రుసుము అయిదేళ్లదాకా ఎవరి దగ్గరా రాదు. అందుకని రేటు మొదటి ఏడాది కొంత, తర్వాత మరికొంత అని మెట్లుగా పెంచమనండి. మీ తమ్ముడిలా ఒక్క స్థలం ఉండి, తాను ఉండటానికే కట్టుకునేవాళ్లకు మాత్రం విడిగా ఊరట అడగండి. ఇంగ్లండు 2014 నుంచి సొంతంగా ఇల్లు కట్టుకుని ఉండేవాళ్లకు లెవీ మినహాయిస్తోంది, అడగరాని కోరికేమీ కాదు.

ఇంకొకటి, రుసుమును ఇంటికి ఇంత అని కాకుండా విస్తీర్ణాన్ని బట్టి వేయమనండి. ఇంటికి ఇంత అంటే రెండు గదుల ఇల్లూ మేడా ఒకటే కడతాయి, అప్పుడు బిల్డరు మేడలే కడతాడు. కాలిఫోర్నియా కూడా 2021లో చట్టం చేసి ఇళ్ల మీద రుసుమును విస్తీర్ణానికి తగ్గట్టు లెక్కించమంది. మిగిలిన సమయంలో విడి ఖాతా, ఏటా లెక్క, గడువు దాటితే వాపసు. మూడు నిమిషాలకు ఇంతకన్నా పట్టదు. గిట్టుబాటు లెక్క, అప్పు, పాత కొత్త వాటాల ప్రశ్నలు రాతపూర్వకంగా ఇచ్చి, చేరినట్టు సంతకం తీసుకోండి.

మీ మేనమామకు ఇదంతా చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. చెబితే ఆయన ముసాయిదా ఖరారు కాకముందే పొలం అమ్మేయాలని చూడొచ్చు. కొనేవాడు కూడా ముసాయిదా చదివినవాడే అయితే ఆ ఎత్తు పారదు.

తమ్ముడికి మాత్రం తప్పకుండా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇంగ్లండులో ఈ మినహాయింపు మంజూరు కాకముందే పని మొదలుపెట్టి, దాన్ని పోగొట్టుకుని మొత్తం లెవీ కట్టాల్సి వచ్చిన సొంత ఇంటివాళ్లున్నారు. వాళ్లు మినహాయింపుకు అర్హులే, కాగితం కన్నా గునపం ముందు పడింది, అంతే. మీ దగ్గరా అలాంటి ఊరట వస్తే, మంజూరు కాగితం చేతికి వచ్చేదాకా పునాది తవ్వొద్దనండి.